పైపు పట్టుకుంటే పార్టు దొరుకుతుంది
కారులో కాలుష్య నియంత్రణ భాగాల్ని గుర్తుపట్టగలిగితే... దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడు మెట్రో స్టేషన్ల దూరంలోనే కెరియర్!

మెకానికల్ డిగ్రీ చేతికొచ్చింది. నాలుగు స్ట్రోకులు ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సర్వీస్ సెంటర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లారు. నాలుగు మాటలు మాట్లాడాక కారు దగ్గరికి తీసుకెళ్లి, బానెట్ ఎత్తి ‘పర్జ్ వాల్వ్ ఏదో చూపించండి’ అన్నారు. ఎదురుగా పదుల కొద్దీ పైపులు, వైర్లు, నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు. ఎక్కడని వెతుకుతారు?

చాలామంది అభ్యర్థులు తడబడేది ఇక్కడే. విషయం తెలియక కాదు. పుస్తకంలో బొమ్మకీ, ఎదురుగా ఉన్న ఇంజిన్‌కీ పొంతన కుదరదు. పైగా ప్రతి కంపెనీ తన ఇష్టం వచ్చిన చోట భాగాల్ని బిగిస్తుంది. ఒక కారులో పైన కనిపించేది ఇంకో కారులో అడుగున దాక్కుంటుంది. అందుకే పార్టు ఉండే చోటును బట్టీ పడితే లాభం లేదు. అది చేసే పని తెలిస్తే చోటు దానంతటదే దొరుకుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కో, ఎస్సై పోస్టులకో, రైల్వే పరీక్షలకో చదువుతున్నవారిలో మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లు తక్కువేం కాదు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహమాటం. అదే దారిలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్బీనగర్. అక్కడి నుంచి విజయవాడ హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే లారీల మరమ్మతుకు పేరుపడ్డ ఆటోనగర్. దారి పొడవునా కార్ల షెడ్లు, షోరూములు, స్పేర్ పార్ట్స్ దుకాణాలు. పోటీ పరీక్షలు మానేయమని ఎవరూ అనరు. కానీ చదివిన చదువు తుప్పు పట్టకుండా చూసుకోవడానికి, అవసరమైతే దాంతోనే నిలదొక్కుకోవడానికి ఈ ఐదారు కిలోమీటర్ల దారి ఒక మంచి అవకాశం.

ఇన్ని భాగాలు ఎందుకొచ్చాయి?

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజిన్ చుట్టూ నేల కనిపించేది. ఇప్పటి కారులో వేలు పెట్టడానికీ సందు ఉండదు. దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి కాలుష్య నిబంధనలు.

మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోల్ పోస్తే కన్వర్టర్ పాడైపోతుంది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే దొరికింది. భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా ఎంపిక చేసిన నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ 1కి దేశమంతా విస్తరించాయి. ఆ తర్వాత బీఎస్-5ను వదిలేసి, 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్-6లోకి అడుగుపెట్టాం. ఇంధనంలో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది. డీజిల్ కారు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 0.25 గ్రాముల నుంచి 0.08 గ్రాములకు పడిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ అమల్లోకి వచ్చింది. ల్యాబ్‌లోనే కాదు, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా కారు వదిలే పొగను కొలవాలన్నది దీని సారాంశం.

నిబంధన బిగిసిన ప్రతిసారీ ఇంజిన్‌కు ఒక వాల్వో, ఒక సెన్సరో, ఒక ఫిల్టరో తోడైంది. వాటిని గుర్తుపట్టి బాగుచేసే చేతులు కూడా ఆ మేరకు కావాలి. ఎవరి కారు ఏ ప్రమాణానికి చెందిందో తెలుసుకోవడం మొదటి మెట్టు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఐదు దారులు గుర్తుంచుకోండి

ఇంజిన్‌ను ఒక ఇల్లు అనుకోండి. గాలి లోపలికొచ్చే గుమ్మం ఒకటి, పొగ బయటికెళ్లే గుమ్మం ఒకటి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర మొదలుపెట్టి లావుపాటి గొట్టం వెంట వెళ్తే థ్రాటిల్ బాడీ, అక్కడి నుంచి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వస్తాయి. ఇది గాలి గుమ్మం. ఇంజిన్‌కు మరోవైపు రేకు కవచం కప్పి ఉండేది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. అది పొగ గుమ్మం. ఈ రెండింటినీ మొదట వేలు పెట్టి చూపించగలిగితే సగం పని అయినట్టే. కాలుష్య నియంత్రణ భాగాలన్నీ వీటికి కలిసే దారుల మీదే ఉంటాయి.

1. పీసీవీ వాల్వ్: పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. దాన్ని బయటికి వదలకుండా మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చేస్తారు. ఆయిల్ పోసే మూత ఉన్న కవర్ మీద వెతకండి. అక్కడి నుంచి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు వెళ్లే వేలెడంత లావు రబ్బరు పైపు మొదట్లో చిన్న వాల్వ్ ఉంటుంది. చాలా కార్లలో దీనికి వైరు ఉండదు. ఊడదీసి ఊపితే లోపల గలగలమంటుంది. కొన్ని కొత్త ఇంజిన్లలో మాత్రం కవర్‌లోనే కలిసిపోయి ఉంటుంది.

2. క్యానిస్టర్, పర్జ్ వాల్వ్: ఎండలో నిలిపిన కారు ట్యాంకులో పెట్రోల్ ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బొగ్గుపొడి నింపిన డబ్బా పీల్చుకుని దాచుకుంటుంది. అదే క్యానిస్టర్. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ ఒక చిన్న విద్యుత్ వాల్వ్‌ను తెరుస్తూ మూస్తూ ఆ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగుతుంది. అది పర్జ్ వాల్వ్. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ చుట్టుపక్కల వెతకండి. రెండు సన్న పైపులు, రెండు పిన్నుల కనెక్టర్ ఉన్న చిన్న ప్లాస్టిక్ భాగం కనిపిస్తుంది. ఒక పైపు మ్యానిఫోల్డ్‌లోకి, రెండోది వెనక ట్యాంకు వైపు వెళ్తుంది. వేడి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు చాలా కార్లలో ఇది టిక్ టిక్ మంటుంది. వేలు ఆనిస్తే తెలుస్తుంది.

3. ఈజీఆర్ వాల్వ్: పొగలో కొంత భాగాన్ని తిరిగి గాలి గుమ్మానికి పంపుతుంది. దీనివల్ల మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. డీజిల్ కార్లలో ముఖ్యం. కొన్ని పెట్రోల్ కార్లలోనూ ఉంటుంది. పొగ వేడికి రబ్బరు కరిగిపోతుంది కాబట్టి ఇక్కడ ఇనుప పైపే వాడాలి. ఎగ్జాస్ట్ వైపు నుంచి ఇన్‌టేక్ వైపు వెళ్లే లోహపు పైపు కనిపిస్తే దాన్ని పట్టుకుని వెళ్లండి. మధ్యలో తగిలే బరువైన లోహపు ముక్క ఈజీఆర్ వాల్వ్. దాని పక్కనే కూలెంట్ పైపులు తగిలించిన పెట్టె ఉంటే అది ఈజీఆర్ కూలర్.

4. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు: ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు ఆనుకుని గానీ, కాస్త కిందగా గానీ ఉబ్బుగా కనిపించే లోహపు డబ్బా కన్వర్టర్. లోపల తేనెపట్టులాంటి అరలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి స్పార్క్ ప్లగ్‌లా బిగించి, వైర్లు వేలాడుతూ కనిపిస్తాయి. ముందుదాన్ని సెన్సర్-1, వెనకదాన్ని సెన్సర్-2 అంటారు.

5. డీపీఎఫ్: బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్. ఇదీ ఎగ్జాస్ట్ దారిలోనే ఉంటుంది. దీన్ని పట్టించే ఆనవాలు రెండు సన్న గొట్టాలు. ఫిల్టర్‌కు ముందూ వెనకా మొదలై ఒకే సెన్సర్ దగ్గరికి చేరతాయి. ముందు ఒత్తిడికీ, వెనక ఒత్తిడికీ తేడా ఎంతో చెప్పే సెన్సర్ అది. తేడా పెరిగిందంటే ఫిల్టర్ నిండుతున్నట్టు. ఇవి కాక కొన్ని డీజిల్ కార్లలో యూరియా ద్రావణం పోసే వేరే ట్యాంకు ఉంటుంది. మూత చాలావరకు నీలం రంగులో ఉంటుంది.

ఒకటి చూసి ఇంకొకటి అనుకోవద్దు

ఇంటర్వ్యూలోనైనా, షెడ్డులోనైనా అసలు పరీక్ష ఇదే. బానెట్ కింద ఒకేలా కనిపించేవి చాలా ఉంటాయి.

పర్జ్ వాల్వ్‌కూ రెండు పిన్నులే, వాల్వ్ టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వ్‌కూ రెండు పిన్నులే. కానీ రెండోది ఇంజిన్ హెడ్‌లోకే దిగి ఉంటుంది. దానికి పైపులు ఉండవు. ఊడదీస్తే ఆయిల్ అంటుతుంది. టర్బో ఒత్తిడిని నియంత్రించే సొలెనాయిడ్‌కు మామూలుగా మూడు పైపులు ఉంటాయి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీదే కూర్చునే మ్యాప్ సెన్సర్‌కు మూడో నాలుగో పిన్నులు ఉంటాయి, దాన్లోంచి గాలి అటూ ఇటూ పోదు. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపులోనూ ఒక వాల్వ్ ఉంటుంది, దానికి వైరే ఉండదు. అంటే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఎన్ని పైపులు? ఎన్ని పిన్నులు? ఏ చోటి నుంచి ఏ చోటికి?

గుర్తుపట్టాక నిర్ధారించుకోవడం రెండో మెట్టు. పర్జ్ వాల్వ్‌నే చూడండి. కరెంటు లేనప్పుడు అది మూసుకుని ఉండాలి. కారు నుంచి ఊడదీసి శుభ్రమైన పైపు తగిలించి ఊదితే గాలి పోకూడదు. 12 వోల్టులు ఇస్తే టక్కుమని తెరుచుకోవాలి. కరెంటు లేకుండానే గాలి పోతుంటే అది తెరుచుకుపోయి ఇరుక్కున్నట్టు. అలాంటి కారు పెట్రోల్ పోయించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. ఐడిలింగ్ కుదురుగా ఉండదు. ఇది తెలియనివాళ్లు స్పార్క్ ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు కడిగి, ఫ్యూయల్ పంపు దాకా వెళ్తారు. కస్టమర్ జేబు ఖాళీ అవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ఆక్సిజన్ సెన్సర్‌కు నాలుగు వైర్లుంటే అది చాలావరకు మామూలు రకం. వాటిలో ఒకే రంగువి రెండు సాధారణంగా లోపలి హీటర్‌వి. ఐదారు వైర్లుంటే గాలి-ఇంధనం పాళ్లను మరింత కచ్చితంగా చెప్పే వైడ్‌బ్యాండ్ రకం. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు.

కోడ్ దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ తగిలిస్తే కారు తన జబ్బును కోడ్ రూపంలో చెబుతుంది. ఈ కోడ్లలో ఒక వరస ఉంది. ‘పి’ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు చెందినది. తర్వాతి సున్నా అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం అని సూచిస్తుంది. ఆ తర్వాతి అంకె 4 అయితే కాలుష్య నియంత్రణ వ్యవస్థ.

పి0401: ఈజీఆర్ ద్వారా పొగ చాలినంత పోవడం లేదు.
పి0420: క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు తగ్గింది.
పి0443: పర్జ్ వాల్వ్ సర్క్యూట్‌లో లోపం.
పి0135: ముందున్న ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. ఇది గాలి-ఇంధనం లెక్క కిందికి వస్తుంది కాబట్టి 1తో ఉంటుంది.
పి2002: డీపీఎఫ్ మసిని సరిగా పట్టడం లేదు.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పి0420 వచ్చింది కాబట్టి కన్వర్టర్ మార్చేయాలనుకుంటారు. అది ఖరీదైన భాగం. సైలెన్సర్ పైపు జాయింట్ దగ్గర లీకున్నా, వెనక సెన్సర్ ముసలిదైనా అదే కోడ్ రావచ్చు. ఇంజిన్ మిస్సింగ్ కొడుతూ కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోతుంటే, కొత్తది బిగించినా కొన్నాళ్లకు అదీ పోతుంది. స్కానర్‌లో లైవ్ డేటా చూడండి. మామూలు రకం సెన్సర్ ఉన్న పెట్రోల్ కారులో ముందు సెన్సర్ వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య గబగబా ఊగాలి. వెనకది నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే అప్పుడు కన్వర్టర్‌ను అనుమానించాలి. పి0443 వస్తే వాల్వ్ కంటే ముందు కనెక్టర్, వైరు చూడండి. ఎలుకలు కొరికిన వైర్లు మన దగ్గర కొత్తేమీ కాదు.

కోడ్‌లో ‘బ్యాంక్-1’, ‘బ్యాంక్-2’ అని ఉంటుంది. ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వరస బ్యాంక్-1. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల కార్లలో సాధారణంగా ఒకే వరస కాబట్టి తికమక అక్కర్లేదు.

నంబరు చూడకుండా ఆర్డర్ వద్దు

పార్టు దొరికింది, పాడైందని తేలింది. ఇక దుకాణానికి ఫోన్ చేసి ‘ఫలానా కారు ఆక్సిజన్ సెన్సర్ పంపండి’ అంటే సరిపోదు. ఒకే మోడల్‌లో బీఎస్-4కు ఒక సెన్సర్, బీఎస్-6కు ఇంకోటి ఉండొచ్చు. కనెక్టర్ కూడా మారొచ్చు.

ముందు 17 అక్షరాల ఛాసిస్ నంబరు రాసుకోండి. మొదటి మూడూ తయారీదారును చెబుతాయి: ఎంఏ3 అంటే మారుతీ సుజుకీ, ఎంఏఎల్ అంటే హ్యుందాయ్, ఎంఏటీ అంటే టాటా. ఈ నంబరుతో కంపెనీ క్యాటలాగ్‌లో వెతికితే ఆ కారుకు సరిపోయే పార్టు నంబరే వస్తుంది. తర్వాత ఊడదీసిన పార్టు మీది నంబరుతో పోల్చండి. ఈ నంబర్లు చదవడం కూడా ఒక విద్యే. హ్యుందాయ్, కియాల్లో మొదటి ఐదంకెలు పార్టు రకాన్ని చెబుతాయి. 39210 ఆక్సిజన్ సెన్సర్, 28410 ఈజీఆర్ వాల్వ్, 28910 పర్జ్ వాల్వ్. సుజుకీలో ఆక్సిజన్ సెన్సర్ 18213తో మొదలవుతుంది. బాష్ తయారుచేసే ఆక్సిజన్ సెన్సర్ల మీద 0 258 అని ఉంటుంది. కంపెనీ పాత నంబరు ఆపేసి కొత్తది ఇస్తే క్యాటలాగ్‌లో ఆ విషయమూ ఉంటుంది. స్పేర్ పార్ట్స్ కౌంటర్ ఉద్యోగానికి వెళ్లేవారికి ఇదే ప్రధాన అర్హత.

‘మూసేయ్ భయ్యా’ అంటే?

షెడ్డులో చేరిన మొదటి నెలల్లోనే మీకు ఎదురయ్యే పరీక్ష ఇది. ఈజీఆర్ మసిబారి కారు పికప్ తగ్గుతుంది. కస్టమర్ వచ్చి ‘రేకు ముక్క పెట్టి మూసేయ్ భయ్యా, బండి ఉరుకుతది’ అంటాడు. డీపీఎఫ్ లోపలి భాగం పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించమనేవాళ్లూ ఉంటారు. కొన్నాళ్లు బండి బాగానే ఉన్నట్టనిపిస్తుంది. పట్టుకునేవాళ్లూ ఉండరు. పెట్రోల్ బంకు దగ్గరి పొల్యూషన్ టెస్టులో పెట్రోల్ కారుకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. బీఎస్-4 పెట్రోల్ కారుకైతే ఐడిలింగ్‌లో 0.3 శాతం, 200 పీపీఎం దాటకూడదు. డీజిల్ కారుకు పొగ నల్లదనం కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ టెస్టు కొలవనే కొలవదు. అంటే ఈజీఆర్ మూసిన కారుకు కూడా సర్టిఫికెట్ రావచ్చు.

కాగితం పట్టుకోలేనిదాన్ని ఆపగలిగేది బానెట్ ఎత్తినవాడే. ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బస్సు కోసం నిలబడే పిల్లలు, రోజంతా అక్కడే ఉండే ట్రాఫిక్ కానిస్టేబుల్, బండి మీద పండ్లు అమ్మే అవ్వ పీల్చేది ఆ గాలినే. నిబంధనల్ని తప్పించుకున్న పెద్ద కంపెనీలకే అది బరువైంది. 2013లో జనరల్ మోటార్స్ ఇండియా 2005 నుంచి తయారైన దాదాపు 1.14 లక్షల తవేరా వాహనాల్ని ఉద్గారాల లోపాల వల్ల వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మోసం అమెరికాలో బయటపడ్డాక మన దేశంలోనూ 3.23 లక్షల కార్ల రీకాల్‌ను ఆ సంస్థ ప్రకటించింది.

మరి కస్టమర్‌ను పోగొట్టుకోవడమేనా? అక్కర్లేదు. మసిపట్టిన ఈజీఆర్ వాల్వ్‌ను చాలాసార్లు ఊడదీసి శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తుంది. డీపీఎఫ్ నిండడానికి కారణం తరచుగా డ్రైవింగే. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే డీజిల్ కారులో మసిని కాల్చేంత వేడి పుట్టదు. దానికి 600 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. మసి మరీ ఎక్కువ కాకముందే, మాన్యువల్‌లో చెప్పినట్టు పెద్ద అంబర్‌పేట వైపు హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిపితే చాలాసార్లు లైటు ఆరిపోతుంది. ఈ మాట విడమరిచి చెప్పే మెకానిక్ దగ్గరికి కస్టమర్ మళ్లీ వస్తాడు, ఇంకో ఇద్దరిని తీసుకొస్తాడు.

చదువు, శిక్షణ ఎక్కడ?

* పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ (రెండేళ్లు), మెకానిక్ డీజిల్ (ఏడాది) ట్రేడులున్నాయి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమాన్ని 2024లో మల్లేపల్లి ఐటీఐలో ప్రారంభించారు. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సు కూడా వీటిలో ఉంది.
* పాలిసెట్ ద్వారా మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమా. ఆపై ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.
* ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ ఏది చేసినా అప్రెంటిస్‌షిప్ ఉంది. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్‌ను అర్హతను బట్టి నెలకు రూ.5,000 నుంచి రూ.9,000గా నిర్ణయించారు. దరఖాస్తుకు ముందు పోర్టల్‌లో తాజా మొత్తం చూసుకోండి.

కొలువుల విషయానికొస్తే టెక్నీషియన్ ఒక్కటే కాదు. కస్టమర్ ఫిర్యాదు విని జాబ్ కార్డు రాసే సర్వీస్ అడ్వైజర్, స్పేర్ పార్ట్స్ ఎగ్జిక్యూటివ్, పాడైన పార్టు కంపెనీ ఖర్చులో మార్చాలా వద్దా తేల్చే వారంటీ ఎగ్జిక్యూటివ్, సంక్లిష్టమైన లోపాలు పట్టుకునే డయాగ్నస్టిక్ టెక్నీషియన్... అందరికీ ఈ గుర్తింపు నైపుణ్యమే పునాది. నగరానికి ఆ చివర హ్యుందాయ్, జెడ్‌ఎఫ్, బాష్ వంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. బీటెక్ వాళ్లు కోడింగ్‌తో పాటు ఈజీఆర్ నిజంగా ఎలా పనిచేస్తుందో చేత్తో పట్టుకుని చూసి ఉంటే అక్కడి ఇంటర్వ్యూల్లో మాటకు బలం వస్తుంది. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ప్రభుత్వ కొలువే కావాలంటే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఉంది. 2022 చివర్లో టీఎస్‌పీఎస్సీ 113 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సిలబస్‌కూ, షెడ్డులో నేర్చుకునేదానికీ చుట్టరికం ఉంది.

ఈవీలు వచ్చాక ఈ పని ఉంటుందా?

న్యాయమైన సందేహమే. ఎలక్ట్రిక్ కారుకు సైలెన్సరే ఉండదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా రోడ్డు ట్యాక్స్ మినహాయింపు కూడా ఇచ్చారు. కానీ లెక్క చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. నిరుడు అమ్ముడైన పెట్రోల్ కారు కూడా 2030ల చివరిదాకా రోడ్డు మీద ఉంటుంది. సీఎన్‌జీ, హైబ్రిడ్ కార్లకూ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు తప్పవు. పైగా వైరింగ్ డయాగ్రమ్ చదవడం, కోడ్‌ను అర్థం చేసుకోవడం, పార్టు మార్చేముందు పరీక్షించడం అనే అలవాట్లు ఏ కారుకైనా పనికొస్తాయి. మారేది పార్టు, ఆలోచించే పద్ధతి కాదు.

నాలుగు వారాల్లో ఇలా

మొదటి వారం: తెలిసినవాళ్ల కార్లు ఐదు ఎంచుకోండి. చల్లారిన ఇంజిన్ మీద గాలి గుమ్మం, పొగ గుమ్మం గుర్తుపట్టండి. ఫొటో తీసి ప్రతి భాగానికీ పేరు రాయండి.

రెండో వారం: ప్రతి పైపూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద గీయండి. పిన్నులు లెక్కపెట్టండి. ఐదు కార్ల బొమ్మలూ పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి.

మూడో వారం: తక్కువ ధరలో దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌తో లైవ్ డేటా చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ ఎలా మారుతోందో రాసుకోండి. కోడ్‌ను నోట్ చేసుకోకుండా మాత్రం చెరిపేయొద్దు.

నాలుగో వారం: ఎల్బీనగర్ పరిసరాల్లోని ఒక షెడ్డుకు వెళ్లి రోజుకు రెండు గంటలు నిలబడతానని అడగండి. చేతికి పానా ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఊడదీసిన పార్టుల మీది నంబర్లు చదవండి. మీ ఫొటోలు, బొమ్మలు ఫైల్ చేసి రెజ్యూమెకు జతపరచండి.

జాగ్రత్తలు: ఎగ్జాస్ట్ భాగాలు వందల డిగ్రీల వేడిలో ఉంటాయి, ఇంజిన్ ఆపిన వెంటనే ముట్టుకోవద్దు. మూసి ఉన్న గదిలో ఇంజిన్ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పెట్రోల్ ఆవిరి పైపులు తీసేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కనెక్టర్ ఊడదీసే ముందు తాళంచెవి తీసేయండి. ఆక్సిజన్ సెన్సర్‌ను కింద పడేస్తే లోపలి సిరామిక్ పగులుతుంది. పైకి ఏమీ తెలియదు, బండికి బిగించాక గానీ బయటపడదు.

ఇంటర్వ్యూలో పార్టు పేరు వెంటనే తట్టకపోతే కంగారుపడొద్దు. ‘ఈ పైపు ట్యాంకు వైపు నుంచి వస్తోంది, ఇన్‌టేక్‌లోకి పోతోంది, రెండు పిన్నులున్నాయి, కాబట్టి ఇది పర్జ్ వాల్వ్ అయి ఉండాలి’ అని మీరు ఆలోచించే తీరును పైకి చెప్పండి. ఎదుటివాళ్లు వెతుకుతున్నది అదే.